చేతిసంచీ మీద మోపిన నేరం

బట్టల దుకాణాల్లో బిల్లు కట్టే చోట ఇప్పుడు ఒక బోర్డు తరచూ కనిపిస్తోంది. ఇంటి నుంచి సంచీ తెచ్చుకోండి, పర్యావరణాన్ని కాపాడండి అని. దాని కిందే క్యారీబ్యాగు ధర ఉంటుంది. ఆ బోర్డు వెనక ఒక నమ్మకం ఉంది. మున్సిపాలిటీ ప్రకటనల్లోనూ, బడిపిల్లల వ్యాసరచన పోటీల్లోనూ, టీవీ చర్చల్లోనూ అదే వినిపిస్తుంది. బట్టల వ్యాపారం పుట్టించే చెత్తకు మూలం కొనేవాళ్ల బద్ధకమనీ, వాళ్లు చేతిసంచీ పట్టుకొస్తే, ప్లాస్టిక్ బదులు కాగితమో గుడ్డో వాడితే చిక్కు తీరిపోతుందనీ దాని సారాంశం. నేను దీన్ని ఒప్పుకోను. ఈ వాదన చెత్తను తగ్గించలేదు సరికదా, చెత్తను పుట్టించే నిర్ణయం ఎవరిదో మన కంటికి కనబడకుండా చేస్తోంది.

ఒక రెడీమేడ్ చొక్కా సంగతి చూడండి. కుట్టు పూర్తయి ఇస్త్రీ అయ్యాక అది ప్యాకింగ్ బల్ల మీదికి వస్తుంది. మడత నిలవడానికి వీపు వైపు ఒక అట్ట. కాలరు వాలిపోకుండా లోపల ఒక ప్లాస్టిక్ పట్టీ, పై బొత్తాం దగ్గర సీతాకోకచిలుక ఆకారంలో మరో ప్లాస్టిక్ ముక్క. చేతులు కదలకుండా క్లిప్పులో, గుండుసూదులో. మడతల మధ్య పల్చటి కాగితం. బ్రాండు పేరుకు ఒక ట్యాగు, ధరకు ఇంకో ట్యాగు, వాటిని వేలాడదీసే ప్లాస్టిక్ దారం. ఇదంతా ఒక కవర్లోకి వెళ్తుంది. కవరు మీద సైజు స్టిక్కరు, బార్‌కోడు స్టిక్కరు. ఆ కవర్లు అట్టపెట్టెలోకి, పెట్టెకు టేపు, టేపు మీద బిగించే పట్టీ. గోడౌన్లో ఆ పెట్టె విప్పి, ఏ దుకాణానికి ఎన్ని అన్న లెక్కన మళ్లీ పంచి, మళ్లీ పెట్టెలు కడతారు. దుకాణానికి చేరాక బొమ్మకు తొడగడానికీ, హ్యాంగరుకు తగిలించడానికీ చాలా కవర్లు అక్కడే చింపేస్తారు. ఇన్ని జరిగాక, చిట్టచివర, కొన్న మనిషి చేతికి ఒక సంచీ వస్తుంది. ఇన్నేళ్లుగా మన చర్చలన్నీ ఆ ఒక్క సంచీ చుట్టూనే తిరుగుతున్నాయి.

తూకంలో ఆ సంచీ చిన్నదని నేను అనడం లేదు. లెక్క వేసి చూసుకోవచ్చు. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు సరుకును చుట్టే కవరుకు కనీసం 50 మైక్రాన్ల మందం ఉండాలన్నాయి. ఆ మందంతో 12 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల పొడవు ఉన్న చొక్కా కవరు సుమారు 11 గ్రాములు తూగుతుంది. 60 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 60 గ్రాములుండే నాన్‌వోవెన్ సంచీ, 16 అంగుళాలకు 20 అంగుళాలది, పట్టీలు కాక 25 గ్రాముల దాకా ఉంటుంది. రెండు మూడు చొక్కాలు కొంటే కవర్లూ సంచీ సరిసమానమైపోతాయి. తేడా ఆ తర్వాతి బతుకులో ఉంది. సంచీ మన ఇంటికి వస్తుంది. కూరగాయలకు పోతుంది, టిఫిన్ డబ్బా మోస్తుంది, ఊరి నుంచి వచ్చే పచ్చళ్ల సీసాలకు చుట్టుకుంటుంది, చివరికి చెత్తబుట్టలో పరుచుకుంటుంది. మడిచి దాచిన సంచీల కట్ట లేని తెలుగిల్లు అరుదు. చొక్కా కవరుకు మాత్రం రెండో వాడకమే లేదు. ఇంకో తేడా అంతకన్నా ముఖ్యమైనది. సంచీ వద్దు అనే అవకాశం కొనేవాళ్లకు ఉంది. కవరు వద్దు అనే అవకాశం లేదు. చొక్కా వాళ్ల కంటబడేసరికే కవరు తయారై, వాడబడి, చాలాసార్లు దుకాణం వెనక గదిలో కుప్పలో పడి ఉంటుంది. బట్టల పరిశ్రమ ప్రపంచవ్యాప్తంగా ఏటా 18,000 కోట్ల కవర్లు వాడుతుందని ఫ్యాషన్ ఫర్ గుడ్ అనే సంస్థ అంచనా. వాటిలో ఏ ఒక్కటీ కొనేవాళ్లు అడిగితే వచ్చింది కాదు.

మన చట్టమూ ఆ కవరును నిషేధించే జోలికి వెళ్లలేదు. 2022 జులై 1 నుంచి దేశమంతటా కొన్ని ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించారు. మిఠాయి పెట్టెల మీద, ఆహ్వాన పత్రికల మీద, సిగరెట్ పెట్టెల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ ఆ జాబితాలో ఉంది. అంటే శుభలేఖకు ప్లాస్టిక్ చుట్టకూడదు, ఆ పెళ్లికి కొన్న ప్రతి బట్టకూ చుట్టవచ్చు. క్యారీబ్యాగుల సంగతికి వస్తే, వాటి మందాన్ని 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెంచారు. మందమైన సంచీని మళ్లీ వాడతారు, చెత్త ఏరేవాళ్లూ వదిలిపెట్టరు అన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ అదే సైజు సంచీ 50 మైక్రాన్ల నుంచి 120కి పెరిగితే ఒక్కోదానికి పట్టే ప్లాస్టిక్ రెండింతలకు పైగా పెరుగుతుంది. సంఖ్య అంతకంతగా తగ్గకపోతే నష్టమే మిగులుతుంది. చట్టం ఎంత మందం ఉండాలో చెప్పింది. ఎన్ని ఉండాలో, అసలు అవసరమా అన్నది అడగలేదు.

ప్లాస్టిక్ బదులు మరొకటి అనే వాదన ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది మనసుకు హాయినిస్తుంది. గుడ్డసంచీ అనుకుని చాలామంది సంతోషంగా తీసుకునే నాన్‌వోవెన్ సంచీలో గుడ్డ అంటూ లేదు. అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. ఎక్కువకాలం ఎండలో పడితే పొడిపొడిగా రాలుతుంది. పెద్ద దుకాణాలిచ్చే నిగనిగలాడే కాగితపు సంచీ మీద ప్లాస్టిక్ పొర అతికి ఉంటుంది, పైన తాడు, తాడుకు లోహపు కన్నాలు. కాగితాన్ని నానబెట్టి గుజ్జు చేసే మిల్లుకు ఆ పొర పెద్ద అడ్డంకి. మామూలు కాగితమైనా ఆకాశం నుంచి ఊడిపడదు. ప్రకాశం, ఖమ్మం జిల్లాల్లో రైతులు పెంచే సుబాబుల్, జామాయిల్ కర్ర నుంచి, బోలెడన్ని నీళ్లతో వస్తుంది. ఇక నిజమైన నూలు సంచీ. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో రకరకాల సంచీల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. మామూలు పల్చటి ప్లాస్టిక్ సంచీతో పోల్చితే, వాతావరణ మార్పు ఒక్కటే కొలిచినా నూలు సంచీని కనీసం 52 సార్లు వాడాలని తేల్చింది. అన్ని రకాల పర్యావరణ హానీ లెక్కలోకి తీసుకుంటే ఆ సంఖ్య 7,100. ఆ అధ్యయనం కాలవల్లో, సముద్రంలో పోగయ్యే ప్లాస్టిక్‌ను లెక్కించలేదు కాబట్టి దాన్ని పట్టుకుని ప్లాస్టిక్‌కు యోగ్యతాపత్రం ఇవ్వకూడదు. కానీ ప్రతి కొనుగోలుకూ ఒక కొత్త నూలు సంచీ ఉచితంగా ఇచ్చే దుకాణం పర్యావరణానికి మేలు చేస్తోందని చెప్పడానికి ఆధారం లేదని మాత్రం స్పష్టం. పత్తికి కొట్టిన పురుగుమందూ, పారించిన నీరూ ఆ సంచీలోనే ఉన్నాయి. ఏ పదార్థం అన్న ప్రశ్న ఎన్ని అన్న ప్రశ్న తర్వాత రావాలి. మనం తలకిందులుగా నడుస్తున్నాం.

సంచీకి డబ్బు వసూలు చేస్తే జనం మారతారన్నది ఇంకో నమ్మకం. దీనికి ఐర్లండ్‌ను ఉదాహరణ చూపుతారు, అది నిజమైన ఉదాహరణే. 2002 మార్చిలో అక్కడ ఒక్కో ప్లాస్టిక్ సంచీకి 15 సెంట్ల పన్ను వేస్తే వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. అయితే ఆ డబ్బు ప్రభుత్వ పర్యావరణ నిధికి వెళ్లింది. మన దగ్గర దుకాణం గల్లాలోకి వెళ్తుంది. దుకాణం పేరు అచ్చేసిన సంచీకి కొన్నవాడి దగ్గరే డబ్బు తీసుకుంటే, ఆ సంచీ ఎన్ని అమ్ముడైతే దుకాణానికి అంత ఆదాయం, అంత ప్రచారం. తగ్గించాలన్న తొందర ఎవరికుంటుంది? 2019లో చండీగఢ్ వినియోగదారుల ఫోరం 3 రూపాయల సంచీ విషయంలో ఒక పెద్ద చెప్పుల కంపెనీని సుమారు 9,000 రూపాయలు చెల్లించమంది. 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్, ముందుగా చెప్పకుండా బిల్లు దగ్గర సంచీకి డబ్బు అడగడం అనుచిత వ్యాపార పద్ధతి అని తేల్చింది. కొనేవాళ్ల హక్కుల కోణంలో ఆ తీర్పులు న్యాయమైనవి. అయినా చూడండి, కోర్టుకెక్కిన తగాదా కూడా ఆ చివరి సంచీ దగ్గరే ఆగిపోయింది.

వ్యాపారులు చెప్పే మాటకు వద్దాం. కవరు లేకపోతే సరుకు పాడవుతుంది, జనం కొనరు అంటారు. ఇందులో మొదటి సగం నిజం. కవర్లన్నీ ఒక్క కలంపోటుతో రద్దు చేయాలనే మిత్రులతో నాకు అందుకే పేచీ. అమెరికాలో పటగోనియా కంపెనీ కొన్ని బట్టల్ని కవరు లేకుండా తన గిడ్డంగి గుండా పంపి చూస్తే దాదాపు 30 శాతం అమ్మకానికి పనికిరాకుండా పోయాయి. ఒక చొక్కా పాడైతే దాని వెనక ఉన్న పత్తి, నీరు, రంగు, కుట్టుపని అన్నీ వృథా. 11 గ్రాముల కవరు మిగిల్చి 200 గ్రాముల చొక్కాను పారేయడం లాభం కాదు. మచిలీపట్నం, కాకినాడ వైపు వానాకాలపు తేమలో లారీ మీద వచ్చే సరుకుకు రక్షణ కావాల్సిందే. కానీ పటగోనియా అక్కడితో చేతులెత్తేయలేదు. చొక్కాకు మరో మడత వేసి చిన్నగా చుడితే కవరు పరిమాణం బాగా తగ్గుతుందని గమనించింది. ప్రానా అనే మరో అమెరికా కంపెనీ బట్టను చుట్టగా చుట్టి దారంతో కట్టి పంపే పద్ధతి తెచ్చింది. విడివిడిగా పది కవర్లు తొడగడానికి బదులు పది బట్టలకు కలిపి ఒక గట్టి కవరు వేస్తే తేమ ఆగదా? గోడౌన్ నుంచి దుకాణానికి ప్రతిసారీ కొత్త అట్టపెట్టె ఎందుకు? పాలవాళ్లు, పళ్ల వ్యాపారులు ప్లాస్టిక్ ట్రేలు తిప్పుకుంటున్నట్టు మూతపెట్టెలు తిప్పుకుంటే సరిపోదా? రక్షణ అవసరం ఒకటి, ఒక్కో బట్టకు ఒక్కో తొడుగు అవసరం ఇంకొకటి. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని సమర్థించడం నాకు అభ్యంతరం.

జనం కొనరన్న రెండో సగం మన ఊళ్లలో ఏ చీరల కొట్లో కూర్చున్నా నిలబడదు. తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద సేల్స్‌మన్ ఒకదాని మీద ఒకటి విప్పుతూనే ఉంటాడు. కొంగు చూపించమంటారు, అంచు చూపించమంటారు, జాకెట్టు ముక్క ఏ రంగో చూపించమంటారు. వేళ్ల మధ్య నలిపి నేత చూస్తారు, వెలుతురులో పెట్టి రంగు చూస్తారు. కవర్లోంచి తీయకుండా చీర కొన్న తెలుగు ఆడపడుచును నాకు చూపించండి. ఆ చీర కవరు కొనేవాళ్ల కోసం అయితే, కొనేవాళ్లు మొట్టమొదట తీసిపారేయమనేది దాన్నే ఎందుకవుతుంది? మంగళగిరిలోనో, గద్వాలలోనో మగ్గం నుంచి దిగిన చీర మాస్టర్ వీవర్ ఇంటి దాకా గుడ్డ మూటలో వచ్చినా దానికేమీ కాలేదు. తెల్లటి కవరూ, బంగారు రంగు అచ్చేసిన గట్టి అట్టపెట్టే ఆ తర్వాత చేరాయి, కొట్టు హోదా చూపించడానికి. పైగా ప్లాస్టిక్ పట్టుకు మంచిది కూడా కాదు. ఏళ్ల తరబడి గాలాడని కవర్లో ఉంటే తేమ చిక్కుకుని జరీ నల్లబడుతుందని మన అమ్మమ్మలకు తెలుసు. అందుకే పట్టుచీరను పాత నూలు పంచెలో చుట్టి బీరువాలో పెట్టేవాళ్లు. లక్ష రూపాయల పెళ్లిచీరకు కొట్టువాళ్లు ఇచ్చే పెట్టె ఇంటికొచ్చాక ఎక్కడ పెట్టాలో తెలియక అటక ఎక్కుతుంది.

ఇక్కడ ఒక మాట మనవైపు నుంచీ ఒప్పుకోవాలి. పెట్టుబడి బట్టల దగ్గర కవరు మన మర్యాదలో భాగమైపోయింది. ఒకప్పుడు తాను నుంచి చింపించి, పసుపు బొట్టు పెట్టి తాంబూలంతో ఇచ్చిన జాకెట్టు ముక్క ఇప్పుడు కవర్లో వస్తేనే కొత్తది, విప్పితే పాతది. అలా ముక్క చేతులు మారుతుంది, కవరు మాత్రం చెక్కుచెదరకూడదు. పెళ్లికి వెయ్యిమంది వస్తే వెయ్యి కవర్లు. ఇది వ్యాపారి నేర్పిన అలవాటే అయినా దాన్ని నిలబెడుతున్నది మనం. పెళ్లిళ్లు చేసే పెద్దలు తాను గుడ్డ తెప్పించి ముక్కలు చింపించడం ఈ పెళ్లిళ్ల సీజన్‌లోనే మొదలుపెట్టవచ్చు. అంతవరకూ కొనేవాళ్ల బాధ్యత నాకు సమ్మతమే. దాన్ని పట్టుకుని మొత్తం నేరం తిలా పాపం తలా పిడికెడు అని పంచిపెట్టడానికి మాత్రం ఒప్పుకోను.

పరిశ్రమ ఆఖరి సమాధానం రీసైక్లింగ్. కవర్లన్నీ తిరిగి కరిగిస్తాం, మీకు దిగులు వద్దు అంటుంది. బట్టల కవర్లలో గరగరలాడేది పాలీప్రొపిలీన్, మెత్తగా జారేది ఎల్‌డీపీఈ అనే ఇంకో రకం ప్లాస్టిక్. రెండూ కలిపి కరిగిస్తే నాసిరకం సరుకే వస్తుంది. మీద కాగితపు స్టిక్కరు, అంచున జిగురు పట్టీ, అచ్చు రంగులు. చెత్త ఏరేవాళ్లకు ప్రతిఫలం కిలోల లెక్కన ఉంటుంది కాబట్టి ఒక కిలోకి దాదాపు తొంభై కవర్లు ఏరాల్సిన పని ఎవరూ పెట్టుకోరు. నిజంగా రీసైకిల్ కాగలిగిన చోటు ఒకటుంది, అది దుకాణం వెనక గది. అక్కడ ఒకే రకం కవర్లు, తడీ మట్టీ అంటనివి, రోజూ పోగవుతాయి. వాటిని విడిగా మూటగట్టి కాటేదాన్ లాంటి చోట్ల ఉన్న ప్లాస్టిక్ యూనిట్లకు పంపడం కష్టమైన పనేమీ కాదు. ఆ మాత్రం కూడా చేయకుండా సాయంత్రం ఊడ్చిన చెత్తతో కలిపి మున్సిపాలిటీ బండికి ఎత్తే దుకాణం రీసైక్లింగ్ గురించి మాట్లాడకూడదు.

చట్టం ఈ విషయంలో ఒక అడుగు వేసింది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఉత్పత్తిదారులు, దిగుమతిదారులు, బ్రాండు యజమానులు తాము వదిలిన ప్లాస్టిక్ ప్యాకింగ్‌కు పూచీ పడాలి. మెత్తటి కవర్లలో 2024-25లో 30 శాతం, 2027-28 నాటికి 60 శాతం రీసైకిల్ చేయించాలి. నేను దీన్ని స్వాగతిస్తాను. కానీ తిరిగి వాడాలన్న షరతు గట్టి డబ్బాల రకానికే పెట్టారు, కవర్లకు పెట్టలేదు. మొత్తం మీద ఇంత తగ్గించాలన్న షరతు అసలే లేదు. ఎంత వదిలినా అందులో నిర్ణయించిన వంతు రీసైకిల్ అయిందని చూపే సర్టిఫికెట్లు కొనుక్కుంటే చాలు. ఆ సర్టిఫికెట్ల విలువ కూడా 2023లో తేలిపోయింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే కొన్ని రీసైక్లింగ్ సంస్థలు లక్షల సంఖ్యలో బూటకపు సర్టిఫికెట్లు సృష్టించాయని బయటపడింది. యూరోపియన్ యూనియన్ వేరే దారి పట్టింది. 2025లో అమల్లోకి వచ్చిన దాని ప్యాకింగ్ చట్టం సభ్యదేశాలు తలసరి ప్యాకింగ్ చెత్తను 2018తో పోల్చి 2030కి 5 శాతం, 2035కి 10, 2040కి 15 శాతం తగ్గించాలంటోంది. అచ్యుతాపురంలో విదేశాలకు బట్టలు కుట్టే కార్మికులు అక్కడికి పంపే సరుకు ఒక తీరుగా, విశాఖలో అమ్మే సరుకు ఇంకో తీరుగా ప్యాక్ చేసే రోజు రానివ్వకూడదు.

ఆన్‌లైన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫ్లిప్‌కార్ట్ 2021లో తన గిడ్డంగుల ప్యాకింగ్‌లో ఒకసారి వాడే ప్లాస్టిక్ పూర్తిగా తీసేశానని ప్రకటించింది. పై సంచీ కాగితమైంది. లోపల తయారీదారు తొడిగిన కవరు అలాగే ఉంది, బార్‌కోడు దాని మీదే ఉంది కాబట్టి. సైజు సరిపోక వెనక్కి పోయిన చొక్కా మళ్లీ అమ్మకానికి రావాలంటే ఇంకో కొత్త కవరు తొడుక్కుంటుంది. సైజుల పట్టిక సరిగా ఇవ్వడం కూడా చెత్త తగ్గించడమే.

ప్యాకింగ్ ఎలా ఉండాలో ప్రభుత్వం నిర్దేశించలేదనే వాదన చెల్లదు. 1987 నాటి జనపనార ప్యాకింగ్ చట్టం కింద ఆహార ధాన్యాలు నూటికి నూరు శాతం, పంచదార 20 శాతం గోనెసంచుల్లోనే ప్యాక్ చేయాలని నియమం నడుస్తోంది. ధాన్యానికి వీలైంది చొక్కాకు ఎందుకు వీలుకాదు? కవరు లేకపోతే ధర, చిరునామా ఎక్కడ అచ్చేయాలన్న సాకు కూడా పోయింది. విడిగా అమ్మే బట్టలకు 2022లో తూనికలు కొలతల నిబంధనల్ని సడలించారు, ఒక ట్యాగు చాలు. పైగా ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారు. తెలంగాణ ప్రభుత్వం 2017 నుంచి కొన్నేళ్లపాటు చాలావరకు సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించి ఏటా కోటి దాకా బతుకమ్మ చీరలు పంచింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడిపిల్లల యూనిఫాంలు లక్షల్లో కొంటారు. ఆ టెండరు కాగితంలో విడి కవర్లు ఉండకూడదన్న ఒక్క షరతు చేరిస్తే కొత్త చట్టం అక్కర్లేకుండానే లక్షల కవర్లు పుట్టకుండా ఆగుతాయి.

చిన్న వ్యాపారి ఏం చేయగలడని అడుగుతారు. మిల్లు పంపినట్టు తీసుకోవడం తప్ప దారి లేదని అంటారు. ఒక్క కొట్టుకు అది నిజం. విజయవాడ వస్త్రలత, రాజమండ్రి తాడితోట, సికింద్రాబాద్ జనరల్ బజార్ వర్తక సంఘాలకు అది నిజం కాదు. ధర దగ్గర, అరువు గడువు దగ్గర, డ్యామేజీ సరుకు వాపసు దగ్గర మిల్లులతో బేరమాడి గెలిచే సంఘాలు అవి. సంక్రాంతి సరుకుకు పంపే ఇండెంట్లలో వాళ్లు రెండు పంక్తులు రాయించవచ్చు. పది బట్టలకు కలిపి ఒక కవరు వేయాలి, విడి కవర్లు వేస్తే వాటి తూకానికి తగ్గట్టు బిల్లులో కోత పెడతాం. ఖాళీ అట్టపెట్టెలు లారీ తిరుగు ప్రయాణంలో వెనక్కి పంపుతాం, వాటిలోనే తర్వాతి సరుకు పంపాలి.